రెండో ఆస్తికి అప్పు: బ్యాంకు ఇచ్చేదెంత, కుటుంబం మోసేదెంత

ఉండటానికి ఒక ఇల్లు కొనుక్కున్నాక, జీతం కాస్త పెరిగాక, తెలుగు కుటుంబాల్లో తర్వాత వచ్చే ఆలోచన రెండో ఆస్తి. అద్దెకిచ్చే ఫ్లాటో, ఊరి చివర వెంచర్‌లో ప్లాటో. ఆ చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: రేటు ఎక్కడ పెరుగుతుంది? అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. రేటు పెరగకపోతే, అమ్మకుండా ఎన్నేళ్లు ఆగగలం?

స్థలాల మీద నష్టపోయినవాళ్లలో చాలామంది కొన్నది మంచి చోటే. ధర కదలని ఏళ్లలో వాయిదాలు కట్టలేక, వచ్చిన కాడికి అమ్ముకున్నారు. హైదరాబాద్‌లో 2008 ఆర్థిక మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, ఆ వెంటనే తెలంగాణ ఉద్యమ కాలపు అనిశ్చితి వరుసగా వచ్చాయి. శివార్లలో ప్లాట్ల బేరాలు ఏళ్ల తరబడి చల్లబడిపోయాయి. రాష్ట్ర విభజన తర్వాత పుంజుకున్న మార్కెట్‌లో లాభం చూసింది అప్పటిదాకా పట్టుకుని కూర్చోగలిగినవాళ్లే.

అమరావతిది ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2015లో భూసమీకరణ మొదలై 33 వేల ఎకరాలకు పైగా రాజధాని కోసం వచ్చింది. రైతులకు తిరిగి ఇవ్వాల్సిన ప్లాట్లు చేతులు మారడం కూడా త్వరలోనే మొదలైంది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన రాగానే కొనేవాళ్లు మాయమయ్యారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారి, 2025 మేలో ప్రధాని చేతుల మీదుగా పనులు తిరిగి మొదలయ్యేదాకా ఆ ప్లాట్ల మీద పెట్టిన డబ్బు కదల్లేదు. సొంత పొదుపుతో కొన్నవాళ్లకు అది నిరీక్షణ. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొన్నవాళ్ల సంగతి వేరు. నెలకు 2 రూపాయలంటే ఏడాదికి 24 శాతం, ఐదేళ్లకు 120 శాతం. చక్రవడ్డీ వేయకుండానే అసలును మించిన భారం. ఇద్దరూ కొన్నది ఒకే చోట, ఒకే ధరకు అయినా ఫలితాన్ని తేల్చింది డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్నదే.

ఒక ఫ్లాటు, ఒక లెక్క

మాటలకంటే అంకెలు నయం. హైదరాబాద్ శివారులో 1,200 చదరపు అడుగుల పాత ఫ్లాటు 80 లక్షలకు వస్తోందనుకుందాం. ఇది ఊహించిన ఉదాహరణే కానీ బజారుకు దూరమైన అంకెలు కావు.

రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, అంతకు మించితే 75 శాతం దాకా ఇవ్వవచ్చు. అంటే ఈ ఫ్లాటుకు 64 లక్షల దాకా లోన్ రావచ్చు. జీతం స్లిప్పులు బాగుంటే బ్యాంకు సంతోషంగా ఇస్తుంది. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువుకు దాని ఈఎంఐ నెలకు 55,500 దాటుతుంది.

కాస్త జాగ్రత్తపడి 50 లక్షలే తీసుకున్నారనుకుందాం. ఈఎంఐ 43,391 రూపాయలు. చేతి నుంచి పెట్టాల్సింది మిగతా 30 లక్షలే అనుకుంటే పొరపాటు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో విడివిడి అంకెలు వేరైనా మొత్తం దాదాపు అంతే. అంటే 6 లక్షలు. లోన్ పరిమితి లెక్కగట్టేటప్పుడు బ్యాంకు ఈ ఖర్చును ఆస్తి విలువలో కలపదు. ఒక శాతం బ్రోకరు కమిషన్ 80 వేలు. రంగులు, బాత్‌రూమ్ పైపులు, వంటగది అలమరాలు, బ్యాంకు లీగల్, ప్రాసెసింగ్ ఖర్చులన్నీ కలిపి 3 లక్షల 20 వేలు. చేతి డబ్బు 40 లక్షలైంది.

నెలకు 22 వేలు అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉంటుంది. ఆస్తిపన్ను, మోటారు రిపేరు, అద్దెదారు మారినప్పుడు సున్నం, ఇవన్నీ పోను సగటున నెలకు 19 వేలు మిగిలితే మంచి నిర్వహణే. ఈఎంఐకి, అద్దెకు మధ్య తేడా నెలకు 24,400. ఇది జీతంలోంచి పోవాలి. ఐదేళ్లలో ఆ తేడా ఒక్కటే 14 లక్షల 64 వేలు.

ఐదేళ్ల తర్వాత లోన్ ఎంత ఉంటుంది? చాలామంది నాలుగో వంతైనా తీరి ఉంటుందనుకుంటారు. మొదటి నెల ఈఎంఐలో 35,417 రూపాయలు వడ్డీకే పోతాయి, అసలుకు చేరేది 7,974. తొలి ఏడాది మొత్తం 5 లక్షల 20 వేలు కడితే అసలు తగ్గేది లక్షకు కాస్త తక్కువ. ఐదేళ్లకు తీరేది 6 లక్షల లోపే, ఇంకా 44 లక్షలు బాకీ.

ఇప్పుడు కలిపి చూద్దాం. పెట్టిన 40 లక్షలు, నెలనెలా పోసిన 14.6 లక్షలు, తీరని 44 లక్షలు. అసలు తిరిగి రావాలంటేనే ఆ ఫ్లాటు ఐదేళ్లకు 98 లక్షల 70 వేలు పలకాలి. అదే డబ్బు 6.5 శాతం వడ్డీ వచ్చే డిపాజిట్‌లో వేసి ఉంటే చేతిలో దాదాపు 72 లక్షలు ఉండేవి. డిపాజిట్‌తో సమానం కావాలంటే అమ్మకపు ధర 1 కోటి 16 లక్షలకు చేరాలి. అంటే ఏటా ఏడున్నర శాతానికి పైగా, ఒక్క ఏడాదీ ఆగకుండా పెరగాలి. రెండువైపులా పన్ను లెక్క వేయకుండానే ఇది.

రెండో ఫ్లాటు కొనవద్దని ఈ లెక్క చెప్పడం లేదు. పెరిగే అవకాశమున్న చోట్లు ఉన్నాయి. ఈఎంఐ రూపంలో బలవంతపు పొదుపు జరగడం కొన్ని కుటుంబాలకు నిజంగా మేలు చేస్తుంది. కానీ "అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది" అని బ్రోకరు చెప్పే మాట ఈ అంకెల ముందు నిలబడదు. నగరంలో నివాస ఫ్లాట్ల అద్దె రాబడి సాధారణంగా విలువలో 3, 4 శాతం దగ్గర ఉంటే, లోన్ వడ్డీ దానికి రెట్టింపు. పైగా అద్దె పెరిగినా దాంతో పాటు ఈఎంఐ పెరగదని ఊరట చెప్పుకున్నా, ఇల్లు పాతబడేకొద్దీ రిపేర్లు పెరుగుతాయి.

పన్ను మినహాయింపు ఉందిగా అన్న వాదనకు కూడా బలం తగ్గింది. అద్దె ఆదాయంలో ఆస్తిపన్ను పోను 30 శాతం ప్రామాణిక తగ్గింపు, లోన్ వడ్డీ మినహాయింపు ఇప్పటికీ ఉన్నాయి. వడ్డీ అద్దెను మించితే వచ్చే నష్టాన్ని పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకా జీతం ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వెసులుబాటు లేదు. ఉద్యోగుల్లో చాలామంది కొత్త విధానానికి మారారు కాబట్టి పన్ను ఆదా కోసమే రెండో ఇల్లు అన్న మాట పాతబడింది.

వడ్డీ పెరిగినప్పుడు కనపడకుండా పెరిగేది గడువు

2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతుండే) గృహరుణాలను రెపో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటు, వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలి. 2022 మేలో 4 శాతంగా ఉన్న రెపో 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతమైంది. 2025లో మళ్లీ తగ్గుతూ వచ్చింది. పెరిగిన రోజుల్లో చాలామందికి ఈఎంఐ మారలేదు, అందుకే ఏమీ కాలేదనుకున్నారు. మారింది గడువు.

పై 50 లక్షల లోన్‌నే తీసుకుంటే, వడ్డీ 8.5 నుంచి 9.5కు పెరిగి ఈఎంఐ అలాగే ఉంచితే 240 వాయిదాలు కాస్తా 309 అవుతాయి. ఒక్క శాతానికి ఐదేళ్ల తొమ్మిది నెలలు! నలభయ్యో ఏట లోన్ తీసుకున్నవాళ్లకు అది రిటైర్మెంట్ దాటిన అప్పు. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కొంత కొంతా అన్న ఎంపిక రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అడిగినవాళ్లకే ఆ ఎంపిక ఉపయోగపడుతుంది. ఏటా ఏప్రిల్‌లో లోన్ స్టేట్‌మెంట్ తీసి మిగిలిన వాయిదాల సంఖ్య చూడటం పావుగంట పని.

వ్యక్తుల ఫ్లోటింగ్ గృహరుణాలను ముందుగా తీర్చినా జరిమానా ఉండదు. ఏడాదికి ఒక ఈఎంఐ అదనంగా అసలుకు జమ చేస్తే ఈ లోన్ 20 ఏళ్లకు బదులు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది. బోనస్ వచ్చిన నెలలో ఆ పని చేయడం, అదే డబ్బును మరో ప్లాటుకు అడ్వాన్సుగా ఇవ్వడం కంటే చాలా సందర్భాల్లో మెరుగు.

అయితే మొత్తం పొదుపు తీసుకెళ్లి లోన్‌లో వేయడమూ సరికాదు. ఉద్యోగం పోయిన రోజున బ్యాంకు చూసేది ఈ నెల వాయిదా వచ్చిందా లేదా అనే. నిరుడు ముందుగా కట్టిన 5 లక్షలు ఈ నెల వాయిదాకు సర్దుబాటు కావు. కనీసం ఆరు నెలల ఈఎంఐలు, ఇంటి ఖర్చుతో సహా, విడిగా ఉంచాకే అదనపు చెల్లింపు ఆలోచించాలి. భార్యాభర్తలిద్దరి జీతం చూపించి లోన్ తీసుకుంటే ఒక్క జీతంతో ఎన్ని నెలలు నడుస్తుందో చూసుకోవాలి. ఐటీ కొలువుల మీద నిలబడ్డ నగరంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. లోన్‌తో పాటు అంటగట్టే ఒకేసారి ప్రీమియం బీమా కంటే, లోన్ మొత్తానికి సరిపడా విడిగా టర్మ్ పాలసీ తీసుకోవడం ఎక్కువమందికి చవక. బ్యాంకు మారినా అది వెంట ఉంటుంది.

చేతి డబ్బు ఎక్కడిది

ప్రమాదం ఎక్కువగా దాగేది డౌన్ పేమెంట్‌లో. చిట్టీ పాడుకుని, పర్సనల్ లోన్ తీసుకుని, నగలు కుదువపెట్టి, తక్కువ పడితే తెలిసినవాళ్ల దగ్గర వడ్డీకి తెచ్చి రిజిస్ట్రేషన్ పూర్తి చేయడం మన దగ్గర మామూలే. బ్యాంకు లెక్కలో ఆ ఇంటికి ఒక్కటే అప్పు. కుటుంబం లెక్కలో నాలుగు.

చిట్టీ చెడ్డదేమీ కాదు. రిజిస్టరైన సంస్థలో, ముందుగానే మొదలుపెట్టి, సగం దాటాక తక్కువ తగ్గింపుకు పాడుకుంటే మంచి పొదుపే. మొదటి నెలల్లోనే పాడుకునేవాళ్లు 30, 40 శాతం వదులుకుని డబ్బు తీసుకుని, మిగిలిన నెలలన్నీ వాయిదాలు కడతారు. దాని అసలు వడ్డీ ఎంత పడుతుందో కాగితం మీద వేసుకునేవాళ్లు తక్కువ. ఆస్తి కొనాలన్న ఆలోచనకు రెండు, మూడేళ్ల ముందే చిట్టీ మొదలుపెట్టినవాళ్లకు అది సాయం. బయానా ఇచ్చాక పరుగెత్తి పాడుకునేవాళ్లకు అది ఖరీదైన అప్పు.

ఒక గట్టి నియమం పెట్టుకోవచ్చు: డౌన్ పేమెంట్ కోసం వడ్డీకి తేవాల్సి వస్తే ఆ ఆస్తి ఇంకా తాహతులోకి రాలేదు. ఏడాది ఆగడం వల్ల పోయే ధర కంటే, రెండు రూపాయల వడ్డీ తినే డబ్బు ఎక్కువ.

నిర్మాణంలో ఉన్న ఫ్లాటు అయితే మరో రెండు ఖర్చులున్నాయి. ఒకటి 5 శాతం జీఎస్టీ. 45 లక్షల లోపు ధర, నిర్ణీత కార్పెట్ ఏరియా ఉన్న చౌక ఇళ్లకు అది 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు జీఎస్టీ ఉండదు. రెండోది ప్రీ-ఈఎంఐ. బిల్డరుకు విడతలుగా విడుదలైన సొమ్ము మీద వడ్డీ కడుతూ పోవడమే, అసలు ఒక్క రూపాయీ తగ్గదు. ప్రాజెక్టు రెండేళ్లు ఆలస్యమైతే ఉంటున్న ఇంటి అద్దె, ఈ వడ్డీ రెండూ మోయాలి.

బ్లాక్ డబ్బు కొనేవాళ్లకే ఎక్కువ నష్టం

"డాక్యుమెంట్ ఇంత వేద్దాం, మిగతాది క్యాష్." ఈ మాట వినకుండా ప్లాటు బేరం ముగియడం అరుదు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని కొనేవాళ్లూ ఒప్పుకుంటారు. ఆ మిగులు ఎంతో, పోయేదెంతో చూడాలి.

60 లక్షల ప్లాటును 35 లక్షలకు రిజిస్టర్ చేస్తే 25 లక్షల మీద 7.5 శాతం, అంటే 1 లక్షా 87 వేలు మిగిలినట్టు కనిపిస్తుంది. బ్యాంకు లోన్ డాక్యుమెంట్ విలువను చూసి వస్తుంది కాబట్టి ఆ 25 లక్షలు మొత్తం చేతి డబ్బు కావాలి. అక్కడే వడ్డీ వ్యాపారి అవసరం పుడుతుంది. రేపు ఆ ప్లాటును పూర్తి వైట్‌లో 80 లక్షలకు అమ్మితే ఆదాయపు పన్ను శాఖ దృష్టిలో లాభం 20 లక్షలు కాదు, 45 లక్షలు. 12.5 శాతం చొప్పున అదనపు 25 లక్షల మీద కట్టే పన్ను 3 లక్షలు దాటుతుంది. ముందు మిగిలిందనుకున్నదాని కంటే ఎక్కువ. బేరం మధ్యలో చెడిపోతే క్యాష్‌కు రసీదు లేదు. వారసుల మధ్య తగాదా వచ్చినా, టైటిల్ తప్పని తేలి పరిహారం అడగాల్సి వచ్చినా కోర్టుకు కనిపించేది 35 లక్షలే.

చట్టం అమ్మేవారినీ వదలదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. ప్రభుత్వ విలువ కంటే డాక్యుమెంట్ ధర 10 శాతానికి మించి తక్కువ ఉంటే ఆ తేడా కొన్నవారి ఆదాయంగా లెక్కకు వస్తుంది. 50 లక్షలు, ఆపై ఆస్తి కొనేటప్పుడు 1 శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే మినహాయించే పన్ను) పట్టి కట్టాల్సిన బాధ్యత కూడా కొనేవారిదే. పూర్తి వైట్‌కు ఒప్పుకునే అమ్మకందారు కాస్త ఎక్కువ ధర చెప్పినా, చాలాసార్లు ఆ బేరమే చవక.

బ్యాంకు ఎందుకు లోన్ ఇవ్వనంటోంది?

2016 స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో, లేదా ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో వచ్చే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచి ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇంత స్పష్టంగా ఉన్నా హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మకం) పేరుతో, అవిభాజ్య వాటా (భూమిలో విడదీయని భాగం) రిజిస్ట్రేషన్ పేరుతో పూర్తి డబ్బు ముందే తీసుకుని ఆకాశహర్మ్యాలు చూపించిన స్కీములు వేలమందిని ముంచాయి. జీవితకాలపు పొదుపు పోసి పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరుగుతున్న రిటైర్డ్ ఉద్యోగులు వాళ్లలో ఉన్నారు.

అలాంటి స్కీములన్నిటికీ ఒక ఉమ్మడి లక్షణముంది. బ్యాంకు లోన్ రాదు. "అందుకే ఈ రేటు, లోన్ కావాలంటే పర్మిషన్ వచ్చాక రేటు వేరు" అని అమ్మేవాళ్లు దాన్ని అనుకూలతగా చెబుతారు. అనుమతి లేని నిర్మాణం మీద బ్యాంకు రూపాయి పెట్టదన్న వాస్తవం అక్కడే ఉంది. సొంత డబ్బుతో కొనగలిగినవాళ్లు కూడా ఒక జాతీయ బ్యాంకులో లోన్‌కు దరఖాస్తు చేసి చూడటం మంచిది. తిరస్కరణకు కారణం చెబితే అది ఉచితంగా వచ్చిన సలహా.

బ్యాంకు లోన్ ఇచ్చింది కాబట్టి అంతా సవ్యమేనని తిరగేసి అనుకోవడం మాత్రం తప్పు. మన దేశంలో సబ్‌రిజిస్ట్రార్ రిజిస్టర్ చేసేది దస్తావేజును, హక్కుకు హామీ ఇవ్వరు. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు ప్రయోజనం. 2024 జులైలో హైదరాబాద్‌లో ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన బఫర్ పరిధిలో జరిగిన కూల్చివేతలు ఈ సంగతిని బాధాకరంగా చూపించాయి. ఇల్లు పోయినా ఈఎంఐ ఆగదు. 10 హెక్టార్లు, ఆపై చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు బఫర్ వదలాలన్నది 2012 భవన నిబంధనల నుంచీ ఉన్నదే. ప్లాటు పక్కన తుమ్మలూ గుర్రపుడెక్కా కనిపిస్తే హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపుతో సర్వే నంబరు పోల్చుకోవాలి. శిఖం భూమి, అంటే చెరువు నీరు తగ్గినప్పుడు బయటపడే నేల, ఎండాకాలంలో మైదానంలాగే ఉంటుంది, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడటం తప్పనిసరి.

చూడాల్సిన కాగితాలు చాలామందికి తెలిసినవే. కనీసం 30 ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), రెవెన్యూ రికార్డులైన తెలంగాణలో పాత పహాణీలు, ఆంధ్రలో అడంగల్, 1-బి. ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందా, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమా, దేవాదాయమా, వక్ఫా అన్నది విడిగా చూడాలి. ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన భూమి స్వభావం తెలియదు. సాదా బైనామాలు (తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు), నోటి పంపకాలు, కోర్టులో ఉన్న భాగ దావాలు ఈసీలో కనిపించకపోవచ్చు. ఊళ్లో నలుగురిని అడగడం, అమ్మేవాళ్ల తోబుట్టువులెందరో కనుక్కోవడం లాయరు ఫీజుకు అదనంగా చేయాల్సిన పని.

ఫామ్‌ల్యాండ్ పేరుతో గుంటల లెక్కన అమ్మే ముక్కల గురించి ఒక్క మాట. గుంట అంటే 121 గజాలు. రోడ్లు వేసి, గేటు పెట్టి, మామిడి మొక్కలు నాటినంత మాత్రాన అది అనుమతి పొందిన లేఅవుట్ కాదు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు, బ్యాంకు గృహరుణం రాదు. అమ్మబోయేటప్పుడు అదే ఇబ్బంది కొనేవాళ్లకూ ఎదురవుతుంది.

వేలంపాటల రేట్లను చూసి ధర నిర్ణయించుకోవడం ఇంకో పొరపాటు. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఎత్తుకు, ఫ్లోర్ ఏరియాకు హద్దులు పెద్దగా లేని చోట ఎకరంలో లక్షల చదరపు అడుగులు కట్టి అమ్మే సంస్థ లెక్క అది. నలభై కిలోమీటర్ల అవతల 200 గజాల ప్లాటుకు ఆ రేటుతో సంబంధం లేదు. అదే నగరంలో ఫ్లాటు కొనేవాళ్లు మాత్రం ఇంకోటి గమనించాలి. టవర్ ఎంత పెరిగితే ఒక్కో ఫ్లాటుకు వచ్చే భూమి వాటా అంత తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం విలువ తరుగుతుంది, నిలిచేది నేల విలువ. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్‌లో 50 గజాల వాటా ఉన్న ఫ్లాటును, కొత్త టవర్‌లో అందులో సగం కూడా లేని ఫ్లాటును చదరపు అడుగు రేటుతోనే పోల్చడం సరిపోదు.

కొన్నాక మొదలయ్యే పని

అద్దె ఇల్లు నడపడం ఒక చిన్న వ్యాపారం. పేరు మార్పిడి చేయించి ఆస్తిపన్ను, కరెంటు మీటరు, అసోసియేషన్ రికార్డు మూడింటిలో ఓనరు పేరు ఎక్కించుకోవాలి. జీహెచ్‌ఎంసీలో ఏప్రిల్ నెలలోనే ఏడాది పన్ను కడితే 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చారు. అద్దె ఒప్పందం 11 నెలలకు రాసుకోవడం అలవాటు. ఒప్పందంలో మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, రంగులకు అడ్వాన్సులోంచి ఎంత పట్టుకుంటారు అన్న మూడు సంగతులు స్పష్టంగా ఉంటే సగం గొడవలు రావు. అద్దె బ్యాంకు ఖాతాలోకే తీసుకోవాలి.

మంచి అద్దెదారు దొరికినప్పుడు ఏటా పట్టుబట్టి 10 శాతం పెంచి పంపేయడం తెలివి కాదు. 22 వేల ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉంటే 44 వేలు పోతాయి. నెలకు రెండు వేలు పెంచి రాబట్టగలిగేది ఏడాదికి 24 వేలే. ఉన్నవాళ్లను నిలుపుకోవడానికి గీజరు రిపేరు వెంటనే చేయించడం ఎక్కువ లాభం.

ప్లాటుకు అద్దెదారు ఉండరు, అందుకే అది సులభమనుకుంటారు. నిజానికి కాపలా లేని ఆస్తి అదే. హద్దురాళ్లు కదులుతాయి, పక్కవాళ్ల గోడ రెండడుగులు లోపలికొస్తుంది, ఎవరో రేకుల షెడ్డు వేస్తారు. ప్రైవేటు భూమిలో ఇతరులు 12 ఏళ్లు బహిరంగంగా, ప్రతికూలంగా స్వాధీనంలో ఉంటే ఓనరు హక్కుకే ముప్పు రావచ్చు. చుట్టూ ప్రహరీ లేదా కనీసం కడీలు, తీగ, ఓనరు పేరుతో బోర్డు, ఆరు నెలలకోసారి తేదీతో ఫొటోలు, ఏడాదికోసారి ఈసీ. ఈసీ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది కాబట్టి దొంగ రిజిస్ట్రేషన్ జరిగితే ఏడాదిలోపే బయటపడుతుంది. పురపాలక పరిధిలో ఖాళీ స్థలం పన్ను కట్టిన రసీదులు కూడా స్వాధీనానికి సాక్ష్యంగా పనికొస్తాయి.

ఈ బాధ అందరికంటే ఎక్కువగా పడేది అమెరికా, గల్ఫ్, ఆస్ట్రేలియాల్లో ఉన్న మనవాళ్లు. విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు, భారత మూలాలున్న విదేశీ పౌరులైన ఓసీఐ కార్డుదారులు ఇళ్లు, వాణిజ్య స్థలాలు కొనవచ్చు, వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనకూడదు. డాలస్‌లో పెట్టిన స్టాల్ దగ్గర ఫామ్‌ల్యాండ్ బుక్ చేసేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. ఇక్కడున్న బంధువుకు జీపీఏ (తమ తరఫున పనులు చేసే అధికార పత్రం) ఇవ్వాల్సి వస్తే ఏ ఆస్తికి, ఏ పనికి, ఎంతకాలానికి అన్నది రాసి పరిమితంగా ఇవ్వడం ఉత్తమం. అద్దె వసూలుకు అమ్మకపు అధికారం అక్కర్లేదు. జీపీఏ ద్వారా మాత్రమే చేతులు మారిన ఆస్తికి హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ప్రవాస ఓనరు అద్దె ఎన్ఆర్ఓ ఖాతాలో (ప్రవాసుల దేశీయ ఆదాయం కోసం ఉండే బ్యాంకు ఖాతా) పడాలి, అద్దెదారు 30 శాతం, దానిపై సెస్సు కలిపి టీడీఎస్ పట్టాలి. ప్రవాసుల నుంచి ఇల్లు కొనేవాళ్లు అలవాటుగా 1 శాతమే పట్టి ఊరుకుంటే మిగతా పన్ను బాధ్యత వాళ్ల మెడకే చుట్టుకుంటుంది.

అమ్మకం, లోన్ ముగింపు

బంగారం గంటలో అమ్ముడవుతుంది, ప్లాటుకు నెలలు పట్టవచ్చు. కూతురి చదువుకు, పెళ్లికి ఫలానా ఏడాదిలో డబ్బు కావాలని తెలిసినప్పుడు అమ్మకం ప్రయత్నం కనీసం ఏడాది ముందే మొదలుపెట్టాలి. అవసరం నెత్తిమీదికి వచ్చాక అమ్మితే కొనేవాళ్లకు ఆ సంగతి రెండో మాటలోనే తెలిసిపోతుంది.

24 నెలలు మించి ఉంచుకున్న స్థలం, ఇల్లు అమ్మితే దీర్ఘకాలిక లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తులకు దేశంలో నివసించే వ్యక్తులు, ఉమ్మడి కుటుంబాలు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం లెక్క కూడా వేసుకుని ఏది తక్కువైతే అది కట్టవచ్చు. తాతల నాటి భూములకు రెండో లెక్క మేలు చేయవచ్చు కాబట్టి రెండూ వేసి చూడాలి. ఇల్లు అమ్మితే లాభాన్ని, స్థలం అమ్మితే అమ్మగా వచ్చిన సొమ్మును నిర్ణీత గడువులో మరో ఇంట్లో పెట్టినా, లాభాన్ని ఆరు నెలల్లో 50 లక్షల దాకా నిర్దేశిత బాండ్లలో పెట్టినా మినహాయింపు ఉంది. రిపేర్లకు కాదు గానీ, అదనపు గది, ప్రహరీ లాంటి నిర్మాణాలకు పెట్టిన ఖర్చుల బిల్లులు దాచి ఉంటే కొన్న ధరకు కలుపుకోవచ్చు.

అమ్మకుండా లోన్ పూర్తిగా తీర్చినవాళ్లు చివరి ఈఎంఐ కట్టి ఊరుకోవడం తరచూ జరుగుతుంది. నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. తాకట్టు పెట్టిన అసలు దస్తావేజులను 30 రోజుల్లో బ్యాంకు తిరిగి ఇవ్వాలి, దాని వల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉన్న రిజర్వ్ బ్యాంకు ఆదేశమిది. తీసుకునేటప్పుడు లోన్ ఇచ్చిన రోజు ఇచ్చిన జాబితాతో ఒక్కో పేజీ సరిచూసుకోవాలి, లింకు డాక్యుమెంటు ఒకటి తగ్గినా అక్కడే రాయించుకోవాలి. తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు దస్తావేజు రద్దు చేయించి, కొత్త ఈసీ తీసి బ్యాంకు పేరు మీది తాకట్టుకు ఎదురుగా విడుదల నమోదైందో లేదో చూసుకోవాలి. ఆ నమోదు లేకపోతే పదేళ్ల తర్వాత వచ్చే కొనుగోలుదారుకు లోన్ ఇచ్చే బ్యాంకు ఆ ఫ్లాటును ఇంకా బాకీ ఉన్న ఆస్తిగానే చూస్తుంది.